కోతికొమ్మచ్చి కాకుండా చెప్పండి: అరల్లో మరుగునపడ్డ ఆత్మకథలు, జీవితచరిత్రలు

చిత్తుకాగితం
ఎక్కడ "మంచి ఆత్మకథ చెప్పండి" అని అడిగినా అవే పేర్లు. గాంధీ గారి సత్యశోధన, కలాం గారిది, ముళ్లపూడి వారి కోతికొమ్మచ్చి, ఆపైన ఎవరో క్రికెటర్‌ది. అవి బాగోలేవని కాదు, అందరికీ తెలిసినవే మళ్లీ మళ్లీ ఎందుకని. తెలుగులో దొరికేవి కావాలి. నేను గొప్పవాణ్ణి ఎలా అయ్యానో చూడండి అనే రకం వద్దు. అప్పటి జనం ఏం తిన్నారు, ఎలా తిరిగారు, దేనికెంత ఇచ్చారు, ఎవరితో ఎందుకు పోట్లాడుకున్నారు, అవి కనిపించాలి. ఇంకో మాట: కందుకూరి స్వీయచరిత్ర మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఇరవై పేజీల దగ్గర ఆగిపోతున్నారు. అలాంటివి చదవడానికి దారి ఏమైనా ఉంటే అదీ చెప్పండి.

గోదారిగట్టు
శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి "అనుభవాలూ జ్ఞాపకాలూనూ". ముందు ఇది చదివి తర్వాత మిగతావి అడగండి.

మూడు సంపుటాలు. 1891లో పొలమూరులో పుట్టిన మనిషి. వేదం, సంస్కృతం తప్ప తెలుగు కూడా ఒక చదువేనా అనుకునే ఇంట్లో పుట్టి, తెలుగులో రాయాలని పట్టుబట్టాడు. కథంతా ఆ పెనుగులాటే. గురువుల ఇళ్లలో విద్యార్థుల తిండీ పడకా, అవధానాలు, సభల్లో ఎవరు ఎవర్ని ఎలా పడగొట్టారు, పత్రిక నడపడం, పుస్తకాలు అచ్చు వేయించి నెత్తిమీద పెట్టుకుని అమ్ముకోవడం, అన్నీ ఉంటాయి. తూర్పుగోదావరి వాడుక పలుకు కాబట్టి నిఘంటువు అక్కర్లేదు. ఇబ్బంది వేరే చోట వస్తుంది: ఒక సంగతి చెబుతూ దాని మేనమామ ఇంటికి వెళ్లి, అక్కణ్ణుంచి వాళ్ల వియ్యంకుడి ఇంటికి వెళ్లి, పది పేజీల తర్వాత తిరిగొస్తాడు. పేర్లన్నీ గుర్తుపెట్టుకోవాలనుకుంటే ఓడిపోతారు. వదిలేయండి. అవసరమైన మనుషుల్ని ఆయనే మళ్లీ తీసుకొస్తాడు.

అచ్చుతప్పు
శ్రీపాద ఎవరికీ తెలియనివాడా! పుల్లంపేట జరీచీర చదవనివాళ్లు ఇక్కడ ఉన్నారా?

గోదారిగట్టు
కథలు చదువుతారండీ. ఆత్మకథ ఎంతమంది మూడో సంపుటం దాకా వెళ్లారో చెయ్యెత్తమనండి చూద్దాం.

అచ్చుతప్పు
సరే, ఎత్తిన చెయ్యి దించుతున్నాను.

కందుకూరి సంగతికి వస్తా. చిత్తుకాగితం గారూ, తప్పు పుస్తకానిది కాదు, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టడానిది. రెండు భాగాలు. వంశం, చదువు, ఉద్యోగం వరుసగా వస్తాయి. అక్కడే జనం జారిపోతారు. 1881కి అటూ ఇటూ ఉన్న అధ్యాయాలు ముందు పట్టుకోండి. ఆ ఏడు డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం. పెళ్లికూతుర్ని ఎలా తేవాలి, పురోహితుణ్ణి ఎలా ఒప్పించాలి, గొడవ జరిగితే ఎవరు కాపలా, కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్య గారి డబ్బు, పెళ్లికి వచ్చినవాళ్లని వెలివేస్తే వాళ్లేం చేయాలి. ఉపన్యాసాలతో సంస్కరణ జరగదు, వంటమనిషీ నీళ్లమనిషీ దొరికితేనే జరుగుతుంది అని అక్కడ తెలుస్తుంది. పనివాళ్లు మానేస్తే రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్లు మోశారు. అది చదివాక వెనక్కి వెళ్లి బాల్యం చదివితే విసుగు రాదు.

ఇక భాష. గ్రాంథికం గుట్టు విప్పడానికి నాలుగు పట్లు చాలు:

వాక్యం చివరికి వెళ్లి క్రియ చూడండి, తర్వాత కర్త వెతకండి. మధ్యలో వచ్చే "పోయి, చెప్పి, విని, లేచి" దగ్గరల్లా పెన్సిలుతో గీత పెట్టి చిన్న వాక్యాలుగా విడగొట్టండి.
"వారు సెప్పిరి", "వాడువోయె" లాంటివి చూసి బెదరకండి. చెప్పిరి, పోయె అంతే. కచటతపలు గసడదవలుగా మారాయి.
అరసున్నని చూడనట్టు వెళ్లిపోండి. బండి ఱ మామూలు ర అనుకోండి.
అప్పటికీ కొరుకుడు పడకపోతే పైకి చదవండి. కంటికి అడ్డం పడ్డ వాక్యం చెవికి దారి ఇస్తుంది.

జీవితమంతా గ్రాంథికంలో రాసి, 1919లో వ్యావహారిక భాష కోసం పెట్టిన సమాజానికి ఆయనే అధ్యక్షుడయ్యాడు. ఆ ఏడే పోయాడు. ఇంకో పదేళ్లు ఉండి ఆత్మకథ తిరగరాస్తే మనకీ తంటా ఉండేది కాదు.

మెట్టపంట
అరసున్న చూడనట్టు వెళ్లిపొమ్మన్నారని మా తెలుగు మాస్టారికి తెలిస్తే ఈ చర్చ మూయిస్తారు.

పాతపుస్తకాలసంత
నా ఓటు ఏనుగుల వీరాస్వామయ్య "కాశీయాత్ర చరిత్ర"కి. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్. 1830 మే 18న బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. పదిహేను నెలలు, పైన పదిహేను రోజులు. వెంట సుమారు వందమంది పరివారం. పల్లకీ, బోయీలు, గుడారాలు. తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ మీదుగా కాశీ, గయ. వచ్చేటప్పుడు కలకత్తా, జగన్నాథం, కోస్తా వెంట దిగి మద్రాసు. దారిలో రాసి పంపుతుంటే స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె దాచి, ఈయన పోయాక 1838లో అచ్చు వేయించాడు.

చిత్తుకాగితం గారు అడిగినవన్నీ ఇందులో ఉన్నాయి. ప్రతి మజిలీ దగ్గరా అంగళ్లు ఉన్నాయా, నీళ్లు మంచివా, దిగడానికి చోటుందా, దారి రాళ్లా ఇసుకా. నది దాటాలంటే ఏం పాట్లు, సరిహద్దు దాటితే సుంకాల గోల ఎంత. భక్తి కంటే ఏర్పాట్లే ఎక్కువ. అందుకే బాగుంటుంది.

కొనేటప్పుడు దిగవల్లి వేంకట శివరావు గారు పరిష్కరించిన 1941 ముద్రణ పాఠమో కాదో చూసుకోండి. ఆయన పీఠిక, వివరణలు లేకపోతే సగం ఊళ్లూ సగం మాటలూ అర్థం కావు.

ఇందూరు_చదువరి
అది యాత్రాచరిత్ర. ఆత్మకథ ఎట్లయితది? పుట్టుక లేదు, పెళ్లి లేదు, చదువు లేదు.

పాతపుస్తకాలసంత
పుట్టుక లేకపోవడమే దాని గొప్ప. మన ఆత్మకథల్లో మొదటి యాభై పేజీలు గోత్రానికే పోతాయి.

గోదారిగట్టు
ఇందూరు గారి మాటలో నిజముంది, కానీ ఇంగ్లిషులో మెమాయిర్ అనే దానికి సరిపోతుంది. జీవితం మొత్తం చెప్పనక్కర్లేదు, ఒక ముక్క పట్టుకుని చెప్పినా చాలు. ఆ లెక్కన తాపీ ధర్మారావు "రాలూ రప్పలూ" కూడా వేసుకోండి. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారి దగ్గర చదివినవాడు చెప్పిన గిడుగు వేరే. విగ్రహాల్లో గిడుగు వేరే.

లెక్కలమాస్టారు
పాత ఆత్మకథల్లో జనం ఆగిపోయేది భాష దగ్గర కాదు, లెక్కల దగ్గర. ఒక కాగితం మీద రాసుకుని పుస్తకంలో పెట్టుకోండి.

సంవత్సరాల పేర్లు: ప్రభవ అంటే 1867, 1927, 1987. అరవై పేర్ల పట్టికలో ఆ పేరు ఎన్నోదో చూసి ఒకటి తీసేసి కలపండి. ఆంగీరస ఆరోది. 1867కి 5 కలిపితే 1872. టంగుటూరి ప్రకాశం పుట్టింది ఆ ఏడాదే, ఆగస్టులో. వీరాస్వామయ్య బయల్దేరింది వికృతి, తిరిగొచ్చింది ఖర. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ఉగాదికి ముందు, అంటే జనవరి నుంచి మార్చి దాకా జరిగినవాటికి ఇంకో ఏడాది కలపాలి. మాఘమాసం అని ఉంటే జాగ్రత్త. పీఠికలు రాసే పెద్దలు కూడా ఇక్కడ ఒక ఏడాది జారుతుంటారు.

డబ్బు: రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైసలు. మన నయాపైస కాదు అది. బేడ అంటే రెండణాలు, పావలా నాలుగు, కాణీ అనే నాణెం పావు అణా.

ధాన్యం: పుట్టికి 20 తూములు, తూముకి 4 కుంచాలు, కుంచానికి 4 మానికలు, మానికకి 2 తవ్వలు, తవ్వకి 2 సోలలు. కొలపాత్ర ఊరూరికీ మారేది. కాబట్టి ఒక పుస్తకంలోని పుట్టితో ఇంకో పుస్తకంలోని పుట్టిని పోల్చకండి.

దూరం: ఆమడ సుమారు 8 మైళ్లు. ఇదీ ప్రాంతాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది.

మెట్టపంట
మాస్టారూ, ఇది పరీక్షకి వస్తుందా?

లెక్కలమాస్టారు
వస్తుంది. "ఆయన నెలకి పన్నెండు రూపాయల జీతానికి కుదిరాడు" అన్న వాక్యం వచ్చినప్పుడల్లా వస్తుంది. పక్కనే బియ్యం ధర ఉందేమో చూడండి. అది లేకుండా జీతం చూసి అయ్యో పాపం అనుకోవద్దు.

ఇందూరు_చదువరి
ఇప్పటిదాంక వచ్చినయన్నీ గోదావరి, మద్రాసు. ఇటు దిక్కు కూడా చూడుండ్రి.

కాళోజీ "ఇదీ నా గొడవ". వరంగల్ నుంచి బహిష్కరించిండ్రు, జైల్లో పెట్టిండ్రు, అయినా మనిషి నవ్వుడు మానలేదు. మాట్లాడినట్టే రాసిండు. కొనేటప్పుడు పైలం: "నా గొడవ" అంటే కవిత్వం, "ఇదీ నా గొడవ" అంటే ఆత్మకథ. ఒకటి అడిగితే ఇంకోటి పంపుతరు.

దాశరథి రంగాచార్య "జీవనయానం". నిజాం కాలపు పల్లె, ఉర్దూల చదువు, గడీలు, ఉద్యమం. చిల్లర దేవుళ్లు నవల చదివినోళ్లకు ఆ మనుషులు ఎక్కడినుంచి వచ్చిండ్రో ఇండ్ల తెలుస్తది.

దేవులపల్లి రామానుజరావు "యాభై సంవత్సరాల జ్ఞాపకాలు". సభలు, పత్రికలు, గ్రంథాలయాలు ఎట్ల నిలబెట్టిండ్రో కావాలంటే ఇది.

రావి నారాయణరెడ్డి "వీర తెలంగాణ: నా అనుభవాలు, జ్ఞాపకాలు". దీంతోని ఒక తమాషా ఉన్నది. శ్రీపాద పుస్తకం పేరు వెతికితే ఇదొస్తది, ఇది వెతికితే శ్రీపాద వస్తడు. ఒకాయన అవధానం చేస్తడు, ఒకాయన సాయుధ పోరాటం చేస్తడు.

మాస్టారూ, మీ పట్టికల మా రూపాయి లేదు.

లెక్కలమాస్టారు
నిజమే, తప్పు నాదే. హైదరాబాదు రాజ్యంలో హాలీ సిక్కా నడిచేది, బ్రిటిష్ రూపాయిని కల్దార్ అనేవాళ్లు. 7 హాలీ రూపాయలు 6 కల్దార్లకి సమానం. 100 కల్దార్లు కావాలంటే 116 రూపాయల 10 అణాల 8 పైసలు హాలీ ఇవ్వాలి. కాబట్టి తెలంగాణ ఆత్మకథలో జీతం 70 అని ఉంటే బెజవాడ పుస్తకంతో పోల్చడానికి 60 అనుకోండి. ఆయన కల్దార్ అని విడిగా చెబితే మాత్రం అలాగే ఉంచండి.

ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం, దానికి 590 కలపండి. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు దాకా. పోలీసు చర్య కూడా ఆ ఫసలీలోనే పడుతుంది. మద్రాసు రాజధానిలోనూ ఫసలీ ఉంది, కానీ అక్కడ జూలై 1న మొదలవుతుంది.

నీలిసిరా
ఇంతమంది మగవాళ్లు వచ్చి వెళ్లారు, ఒక్క ఆడపేరు రాలేదు.

కొండపల్లి కోటేశ్వరమ్మ "నిర్జన వారధి". 2012లో, ఆమెకి తొంభై దాటాక వచ్చింది. బాలవితంతువు, మళ్లీ పెళ్లి, పార్టీ, అజ్ఞాతం, భర్త కొండపల్లి సీతారామయ్య విడిపోవడం, ఆ తర్వాత చదువు మొదలుపెట్టి కాకినాడ పాలిటెక్నిక్ ఆడపిల్లల హాస్టల్లో ఉద్యోగం. చిన్న పుస్తకం. ఎక్కడా గొంతు పెంచదు. ఏడుపు రావాల్సిన చోట ఒక వాక్యం రాసి ముందుకెళ్లిపోతుంది. ఈ అదుపు మన పెద్ద పెద్ద రచయితలకి లేదు.

"మనకు తెలియని మన చరిత్ర", స్త్రీశక్తి సంఘటన, 1986. తెలంగాణ పోరాటంలో ఉన్న ఆడవాళ్లని కలిసి వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే వేశారు. పైన ఇందూరు గారు చెప్పిన రావి నారాయణరెడ్డి పుస్తకం పక్కన పెట్టుకుని చదవండి. నాయకుడి పుస్తకంలో దళం అడవిలోకి వెళ్లింది అని ఉంటుంది. దళానికి అన్నం ఎవరు వండారు, బిడ్డ ఏడిస్తే ఏం చేశారు, ఉద్యమం విరమించాక ఇంటికి వెళ్లమంటే ఏ ఇంటికి వెళ్లారు అన్నవి ఇందులో ఉంటాయి.

మల్లు స్వరాజ్యం "నా మాటే తుపాకీ తూటా". 2019. ఆమె చెప్పగా రాసింది.

అచ్చుతప్పు
అక్కడే నాకు చిన్న పేచీ. ఎవరో అడిగి, ఎవరో రాసి, ఎవరో సర్దిన దాన్ని ఆత్మకథ అనొచ్చా? సర్దినవాళ్ల చెయ్యి ఎంతో మనకి తెలియదు.

నీలిసిరా
చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి స్వీయచరిత్రని ఆత్మకథ అంటారా, అనరా? కళ్లు పోయాక చెప్పి రాయించిందే కదా. కవి చెబితే రచన, దళం మనిషి చెబితే సర్దుబాటా?

అచ్చుతప్పు
దెబ్బ తగిలింది. కానీ తేడా ఉంది. చిలకమర్తి వాక్యం వాక్యంగా చెప్పి రాయించాడు. ఇంటర్వ్యూలో ప్రశ్న ముందు వస్తుంది, జవాబు దాని వెంట వస్తుంది. ప్రశ్నలు తీసేసి జవాబులు అతికితే జ్ఞాపకం దానంతటది వరుసగా వచ్చినట్టు కనిపిస్తుంది.

నీలిసిరా
ఆ మాట ఒప్పుకుంటాను. అందుకే ఇలాంటివి కొనేటప్పుడు ముందుమాట తప్పకుండా చదవాలి. ఎన్నిసార్లు కలిశారు, రికార్డు చేశారా, యాస ఉంచారా దిద్దారా, చెప్పినావిడకి తిరిగి చదివి వినిపించారా. ఈ నాలుగూ చెప్పిన పుస్తకాన్ని నమ్మొచ్చు. ఏదీ చెప్పకుండా "అమ్మ మనసు విప్పారు" అని మొదలైతే కాస్త ఉప్పు పక్కన పెట్టుకోండి.

గోదారిగట్టు
చిలకమర్తి పేరు వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. స్వీయచరిత్ర అనే పేరుతో కందుకూరిది ఉంది, చిలకమర్తిది ఉంది, దేశభక్త కొండా వెంకటప్పయ్య గారిది ఉంది. రచయిత పేరు చెప్పకుండా షాపువాడికి ఫోన్ చేయకండి. ప్రకాశం గారిది "నా జీవిత యాత్ర", అయ్యదేవర కాళేశ్వరరావు గారిది "నా జీవిత కథ, నవ్యాంధ్రము". చలం ఆత్మకథ పేరు మరీ అన్యాయం, ఉత్త "చలం". అది వెతికితే ఆయన పుస్తకాలన్నీ వచ్చిపడతాయి, ఇది తప్ప.

ఊరిచివరిల్లు
జాషువా "నా కథ" ఎవరూ అనలేదు. పద్యాల్లో ఆత్మకథ. గబ్బిలం వరకే ఆగిపోతారు జనం. రోజుకి పది పద్యాలు, పైకి చదవండి. నవల్లా ఒక్క కూర్చోడానికి లాగేస్తే పట్టు దొరకదు. బోయి భీమన్న "పాలేరు నుంచి పద్మశ్రీ వరకు" దాని తర్వాత.

వై.బి. సత్యనారాయణ "మా నాయన బాలయ్య". 2011లో ముందు ఇంగ్లిషులో వచ్చింది, తెలుగులోనూ ఉంది. నిజాం ఆ కుటుంబం పెద్దాయనకి యాభై ఎకరాలు ఇస్తే ఊరి దొర రెండెకరాలు మిగిల్చి మిగతాది లాక్కున్నాడు. అక్కణ్ణుంచి కుటుంబం రైల్వే పనిలోకి. భూమి ఇవ్వనిది రైలు ఎలా ఇచ్చింది, బదిలీ అయిన ప్రతి ఊళ్లోనూ కులం ముందే స్టేషన్‌కి ఎలా చేరింది, అదీ కథ. పిల్లల చదువు గురించి తండ్రి పట్టిన పట్టు ఉంది చూడండి, అలాంటివి చాలా పుస్తకాల్లో ఉంటాయి. కానీ రైల్వే క్వార్టర్ల జీవితం ఇంత దగ్గరగా ఇంకెక్కడా దొరకదు.

అనువాదాలూ లెక్కలోకి వస్తే రేవతి "ఒక హిజ్రా ఆత్మకథ". పి. సత్యవతి గారి తెలుగు. దానికే 2019 సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది.

తెరవెనుక
సినిమా, నాటకం వాళ్ల పుస్తకాలని చిన్నచూపు చూడకండి. భానుమతి "నాలో నేను" అందరికీ తెలుసు. స్థానం నరసింహారావు "నటస్థానం" తెలియదు. ఆడవేషాలు వేసిన మగవాడు, సత్యభామ అంటే ఆయనే. మీరజాలగలడా పాట రాసుకుందీ ఆయనే. దానితోపాటు మిక్కిలినేని "నటరత్నాలు" పెట్టుకోండి. అది ఒకరి జీవితం కాదు, నటుల జీవితాల గుత్తి. నాటక సమాజాలు ఎలా పుట్టాయో ఎలా మునిగాయో అందులో తెలుస్తుంది.

చిత్తుకాగితం
ఆత్మకథలు బోలెడు వచ్చాయి. ఒకరు ఇంకొకరి గురించి రాసిన జీవితచరిత్రలు ఏవీ? నటరత్నాలు ఒక్కటే.

పాతపుస్తకాలసంత
అక్కడే మన పేదరికం. తెలుగులో జీవితచరిత్ర అంటే ఎక్కువగా అభినందన సంచికకి అట్ట మార్చడం. చేతిలోకి తీసుకున్నప్పుడు మూడు చూడండి. ఉత్తరాలు వాడారా? తేదీలు ఉన్నాయా, లేక "ఒకానొక రోజున" అని ఉందా? ఆ మనిషి తప్పు చేసిన ఒక్క సందర్భమైనా ఉందా? మూడూ లేకపోతే దండం పెట్టి తిరిగి అరలో పెట్టండి.

బ్రౌన్ మీద మాత్రం మంచి పని జరిగింది. సి.పి. బ్రౌన్ తన సాహిత్య జీవితం గురించి ఇంగ్లిషులో రాసుకున్నదాన్ని బంగోరె అనే పరిశోధకుడు వెలికితీసి పరిష్కరించాడు. బంగోరె వివరణలే ఒక పుస్తకం. పండితులకి జీతాలు సొంత డబ్బుతో ఇచ్చి, ఒక్కో కావ్యానికి ప్రతులు తెప్పించి, పోల్పించి, శుద్ధప్రతి రాయించే కార్ఖానా కడపలో ఎలా నడిపాడో అక్కడ దొరుకుతుంది. 1852లో వచ్చిన నిఘంటువు వెనక ఎంత అప్పుందో తెలిస్తే దాన్ని జాగ్రత్తగా తిప్పుతారు. తెలుగులో కావాలంటే జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పుస్తకం.

ఊరిచివరిల్లు
బంగోరె జీవితచరిత్ర ఎవరైనా రాస్తే అది చదవాలి.

రెండోముద్రణ
ఇప్పటిదాకా చెప్పిన పాతవాటిలో చాలా మటుకు స్కాన్‌లుగా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. వెతకడం, సరిచూడడం గురించి నాలుగు మాటలు.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్‌లకి పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు వేశారు. స్వీయ అనే మాట ఒక చోట వి తో, ఒక చోట డబ్ల్యూ తో ఉంటుంది, ఈ దీర్ఘం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. పుస్తకం పేరుతో దొరక్కపోతే రచయిత ఇంటిపేరుతో వెతకండి. పక్కన చూపించే సంవత్సరాన్ని నమ్మకండి, లోపలి అట్ట చూడండి.

దించుకునే ముందు నాలుగు పేజీలు చూడండి: లోపలి అట్ట, విషయసూచిక, సూచికలో చివరి అధ్యాయం మొదలయ్యే పేజీ, ఆఖరి పేజీ. ఆఖరి పేజీలో "సంపూర్ణము" లాంటి మాట గానీ తప్పొప్పుల పట్టిక గానీ లేకపోతే తోక తెగిందన్నమాట. మధ్యలో యాభై పేజీలకొకసారి అంకె సరిచూడండి, రెండేసి పేజీలు ఎగిరిపోవడం మామూలే. ఇంకో స్కాన్ ఉంటే అందులో అవే పేజీలు ఉండొచ్చు. రెండూ ఒకే ముద్రణ అయితేనే అంకెలు కలుస్తాయి.

తెలుగు వికీసోర్స్‌లో టైపు చేసిన పాఠం ఉంటే కంటికి హాయి. అయితే పేజీ రంగు చూడండి. ఆకుపచ్చ అయితే ఇద్దరు సరిచూశారు, పసుపు అయితే ఒక్కరే, ఎరుపు అయితే యంత్రం చదివిందే. ఎరుపు పేజీలో అంకెల్ని అస్సలు నమ్మొద్దు, తెలుగు అంకె ౧ సున్నాలా, ౩ అక్షరంలా మారిపోతాయి.

మెట్టపంట
దించుకోవడం చట్టబద్ధమేనా?

రెండోముద్రణ
రచయిత పోయిన మరుసటి జనవరి 1 నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ప్రకాశం 1957లో పోయారు, కాబట్టి 2018 జనవరి నుంచి ఆయన రాసిన భాగాలు అందరివీ. కానీ "నా జీవిత యాత్ర" నాలుగో భాగం రాసింది తెన్నేటి విశ్వనాథం. ఆయన పోయింది 1979లో. దాని లెక్క 2039 చివరి దాకా. ఒకే సెట్టు, రెండు లెక్కలు.

రచయిత పోయాక తొలిసారి అచ్చయినవాటికి పోయిన ఏడాది కాదు, అచ్చయిన ఏడాది నుంచి 60. ఆదిభట్ల నారాయణదాసు "నా యెఱుక" అలాంటిదే. 1945లో పోయారు కదా అని లెక్క వేస్తే తప్పు. అనువాదాలకి అనువాదకుడి హక్కు విడిగా ఉంటుంది. స్కాన్ దొరికింది కాబట్టి ఫ్రీ అనే వాదన నిలవదు. కొత్త పుస్తకాలు, నిర్జన వారధి లాంటివి, కొనుక్కోండి.

గోదారిగట్టు
నా యెఱుక ప్రస్తావన వచ్చింది కాబట్టి: హరికథా పితామహుడి ఆత్మకథ అంటే భక్తిగా ఉంటుందనుకుంటారు. ఉండదు. దాపరికం లేని పుస్తకం. జీవితమంతా కాదు, సుమారు ముప్ఫై ఏళ్ల వయసు దాకానే. అచ్చతెలుగు మాటలు ఎక్కువ, అందుకని నెమ్మదిగా.

అచ్చుతప్పు
శ్రీశ్రీ "అనంతం" ఎవరూ అనలేదేం?

నీలిసిరా
ఆయనే ఆత్మచరిత్రాత్మక నవల అన్నాడు కాబట్టి. చదవండి, కానీ అందులోంచి తేదీలు తీసుకుని వ్యాసం రాయకండి. పి.వి. నరసింహారావు "లోపలి మనిషి" కూడా అంతే. పేర్లు మార్చిన నవల. ఎవరు ఎవరో ఊహించుకోవడం వేరే ఆట.

తిరగేసినపేజీ
గ్రంథాలయంలో వెతికేవాళ్లకి. పుస్తకాలకి విషయాన్ని బట్టి అంకెలిచ్చే డ్యూయీ పద్ధతిలో జీవితచరిత్రలు 920 దగ్గర ఉండాలి. ఉండవు. కవుల ఆత్మకథలు 894.827లో తెలుగు సాహిత్యంతో కలిసిపోతాయి, కాశీయాత్ర 915.4లో, ఉద్యమాల వాళ్లవి 954లో చరిత్రతో. మూడు అరలూ చూడందే లేదు అనుకోకండి. తిరుమల రామచంద్ర "హంపీ నుంచి హరప్పా దాక" అని ఒకటుంది. పేరు చూసి ఎవరైనా తవ్వకాల పుస్తకం అనుకుంటారు, చరిత్ర అరలో పెట్టేస్తారు. అది ఆత్మకథ. ఆయన పోయాక 2001లో సాహిత్య అకాడెమీ పురస్కారం కూడా వచ్చింది. హంపీ పక్కన బాల్యం, తిరుపతిలో చదువు, లాహోరులో తాళపత్రాల పని. తాళపత్రం ఎలా చదవాలో, లేఖకుడు ఎక్కడెక్కడ తప్పు చేస్తాడో పట్టుకునే మనిషి తన జీవితాన్నీ అంత శ్రద్ధగానే చదివాడు. ఈ చర్చ మొత్తంలో ఒక్కటే ఎంచమంటే నేను దీన్నే ఎంచుతాను.

గోదారిగట్టు
శ్రీపాదని కాదని?

తిరగేసినపేజీ
శ్రీపాద పొలమూరు నుంచి రాజమండ్రి చేరేసరికి ఈయన లాహోరు వెళ్లి వచ్చేశాడు.

గోదారిగట్టు
రాజమండ్రి చేరడమే కష్టం లెండి, మధ్యలో ఎన్ని వియ్యంకుల ఇళ్లు.

చిత్తుకాగితం
అందరూ కలిసి పాతిక పైనే తేల్చారు. నిర్జన వారధితో మొదలుపెడుతున్నా, చిన్నది కాబట్టి. తర్వాత హంపీ, తర్వాత కాశీయాత్ర మాస్టారి కాగితంతో, తర్వాత కందుకూరి 1881 నుంచి. మా ఊరి గ్రంథాలయం కేటలాగులో "అనుభవాలు జ్ఞాపకాలు, ఒక సంపుటం" అని ఉంది. రచయిత పేరు చెరిగిపోయింది.

ఇందూరు_చదువరి
తుపాకీ ఉంటే మాది, అవధానం ఉంటే వాళ్లది.

రెండోముద్రణ
తెచ్చుకునే ముందు అది ఎన్నో సంపుటమో చూడండి. శ్రీపాదదే అయితే మిగతా రెండూ ఎక్కడున్నాయో గ్రంథపాలకుణ్ణి అడగండి.

లెక్కలమాస్టారు
920, 894.827, 954. మూడు అరలు, మూడు సంపుటాలు. వెళ్లండి.